చావులేని పిల్ల, యయాతి ముసలితనం

(డాలస్ ప్రాంతంలో మాస్టారి సంస్మరణ సభలో చేసిన ఉపన్యాసం)

 

స్మారకోపన్యాసం అనగానే ప్రబంధాల గురించో గురజాడ గురించో అయి ఉంటుందని అందరూ అనుకుంటారు. నేను మాట్లాడబోయేది జపాన్ వాళ్ళ యానిమే సీరియల్లో ఆకుపచ్చ జుట్టుతో, చేతిలో పిజ్జా ముక్కతో కనిపించే ఒక మంత్రగత్తె గురించి. మాస్టారు ఉండి ఉంటే అడ్డు చెప్పేవారు కాదు. ఆదివారం తెలుగు తరగతిలో కథ మొదలుపెట్టేముందు "ఈ వారం ఏం చూశార్రా?" అని పిల్లల్ని అడగడం ఆయన అలవాటు. వాళ్ళు చెప్పింది విని, దానికి జోడీ కుదిరే కథ మన దగ్గర ఏముందా అని వెతికేవారు. మాయల మరాఠీ, బేతాళుడు, అశ్వత్థామ అందరూ ఆ గదిలోకి అలా వచ్చినవాళ్ళే. ఇవాళ నేను చేసేదీ అదే పని.

సీరియల్ పేరు 'కోడ్ గియాస్'. 2006 అక్టోబరులో జపాన్‌లో మొదలై, రెండు విడతల్లో యాభై భాగాలు నడిచి, 2008 సెప్టెంబరులో ముగిసింది. తీసింది సన్‌రైజ్ స్టూడియో. దర్శకుడు గోరో తానిగుచి, కథ ఇచిరో ఒకోచి. పాత్రల రూపాలు గీసింది 'క్లాంప్' పేరుతో కలిసి పనిచేసే నలుగురు స్త్రీలు. అమెరికాలో 2008 ఏప్రిల్ చివరి నుంచి అడల్ట్ స్విమ్ చానెల్లో అర్ధరాత్రి దాటాక వచ్చేది. ఇప్పుడు ముప్పై దాటిన మన పిల్లలు కొందరు దాన్ని ఏ వేళప్పుడు చూశారో తల్లిదండ్రులకు ఈ రోజు తెలుస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఈ కథ మొదట్లోనే చిన్న కుదుపు ఇస్తుంది. ఇందులో అమెరికా అనే దేశం పుట్టనే లేదు. వాషింగ్టన్ తిరుగుబాటు ఓడిపోయింది. తర్వాత కాలంలో రాజవంశాన్ని ఐరోపా నుంచి తరిమేస్తే, అది ఈ ఖండం మీదికి వచ్చి, 'పవిత్ర బ్రిటానియా సామ్రాజ్యం' స్థాపించింది. ఆ సామ్రాజ్యం జపాన్‌ని ఆక్రమించి పేరు కూడా తీసేసింది. ఆ దేశం ఇక పదకొండో నంబరు ఏరియా, ఆ జనం 'ఎలెవెన్లు'. జూలై నాలుగున బాణసంచా కాల్చుకునే దేశంలో పిల్లలు సోఫాలో కూర్చుని, తాము నిలబడ్డ నేలే దురాక్రమణదారుడి రాజ్యంగా ఉన్న కథ చూశారు. చూసి, ఆ సామ్రాజ్యం ఓడిపోవాలని కోరుకున్నారు. తెల్లదొరల పాలన కథలు తాతల దగ్గర విన్న మనకి ఇందులో ఎటువైపు కూర్చోవాలో వెంటనే తెలుస్తుంది. మన పిల్లలకి రెండు వైపులా కుర్చీలున్నాయి.

కథానాయకుడు లెలూష్. ఆ సామ్రాజ్య చక్రవర్తి కొడుకే, పదిహేడేళ్ళవాడు. తల్లి హత్యకు గురయ్యాక, కళ్ళూ కాళ్ళూ పోయిన చెల్లెలితో సహా జపాన్‌కి పంపేస్తే అక్కడే మారుపేరుతో పెరిగాడు. ఒకరోజు సైన్యం వెతుకుతున్న ఒక పెట్టె అతని ఎదురుగా తెరుచుకుంటుంది. విషవాయువు అనుకున్న ఆ పెట్టెలో, చేతులూ కాళ్ళూ కట్టేసిన ఒక అమ్మాయి. అతనికి అడ్డంగా వెళ్ళి నుదుటి మీద గుండు దెబ్బ తిని పడిపోతుంది. పడిపోయిన మనిషే అతని చెయ్యి పట్టుకుని ఒక ఒప్పందం చెబుతుంది: నీకు రాజుల శక్తి ఇస్తాను, బదులుగా నా కోరిక ఒకటి తీర్చాలి. ఆ శక్తి పేరు గియాస్. లెలూష్‌కి వచ్చిన రూపంలో, కళ్ళలోకి చూసి ఏ ఆజ్ఞ ఇచ్చినా ఎదుటివాడు చేసి తీరాలి. ఒక్కొక్కరి మీద ఒక్కసారే పనిచేస్తుంది. ఆమె కోరిక ఏమిటో మాత్రం చాలా కాలం చెప్పదు.

ఆమెని అందరూ పిలిచేది సీ.సీ. అని. జపనీస్‌లో 'సీ-టూ' అని పలుకుతారు. జపనీస్‌లో యుకానా, ఇంగ్లీషులో కేట్ హిగ్గిన్స్ గొంతు ఇచ్చారు. ఇద్దరి గొంతులోనూ ఒక విసుగు ఉంటుంది, వందల ఏళ్ళ నుంచి అవే ప్రశ్నలకి జవాబు చెబుతున్న మనిషి విసుగు. అసలు పేరు ఒకటుంది. సామ్రాజ్యంతో నరీతా కొండల్లో జరిగిన యుద్ధం తర్వాత, గాయపడి గుహలో పడుకున్నప్పుడు నిద్రలో ఆ పేరు ఆమె నోటి నుంచి వస్తుంది. లెలూష్ వింటాడు. మనకి వినపడదు. తర్వాత ఆమె అడిగితే అతను ఆ పేరు పెట్టి పిలుస్తాడు, అప్పుడూ మనకి వినపడదు. ఇంకొంచెం ప్రేమగా, ఇంకొంచెం జాగ్రత్తగా పిలవమని మళ్ళీ మళ్ళీ చెప్పి, చివరికి నీకు చేతకాలేదని కొట్టిపారేస్తుంది. యాభై భాగాలు అయ్యాక కూడా ప్రేక్షకుడికి ఆ పేరు తెలియదు. ఈ సీరియల్ గురించి ఎవరు రాసినా ఈ రహస్యం దగ్గరే ఆగిపోతారు. పేరేమిటి, ఎన్నేళ్ళు, ఎవరిని ప్రేమించింది? నాకు వాటి మీద పెద్దగా ఆసక్తి లేదు. పేరు చెప్పకపోవడం వల్ల ఆమె మిస్టరీగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఆమె చేసిన పనులేవీ దాచలేదు, అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. నేను మాట్లాడాలనుకున్నది ఆ పనుల గురించి.

దానికి ముందు పిజ్జా సంగతి చెప్పేస్తాను, మన ఊరి సంగతి కాబట్టి. జపాన్‌లో ఈ సీరియల్‌కి పిజ్జా హట్ స్పాన్సరు. అందుకే సీ.సీ. లెలూష్ డబ్బుతో రోజూ పిజ్జా తెప్పించుకుంటుంది, ఆ కంపెనీ బొమ్మ 'చీజ్ కున్'ని పక్కలో పెట్టుకుని పడుకుంటుంది. ఇంగ్లీషులో విడుదల చేసినప్పుడు ఆ గుర్తుల్ని చెరిపేశారు. 1958లో కాన్సస్‌లోని విచిటాలో పుట్టి, మన ప్లేనోలో ప్రధాన కార్యాలయం పెట్టుకున్న అమెరికన్ కంపెనీ పేరు జపాన్‌లో కనిపించి అమెరికాలో మాయమైంది. 2013లో ఈ సీరియల్ హక్కులు తీసుకున్న ఫ్యూనిమేషన్ కంపెనీ కూడా అప్పట్లో ఈ చుట్టుపక్కలే, ఫ్లవర్ మౌండ్‌లో ఉండేది. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మరణం లేని మనిషిని దేవతలా చూపించకుండా, తిండి మీద యావ ఉన్న, మంచం దిగడానికి బద్ధకించే మనిషిగా చూపించడం రచయితల గడుసుతనం. స్పాన్సరు అడిగినందుకే పెట్టినా సరే, ఆ పిజ్జా పాత్రకి అతికింది.

ఇప్పుడు అసలు కథ. సీ.సీ. వందల ఏళ్ళ క్రితం ఒక బానిస పిల్ల. అమ్మా నాన్నా లేరు. ఒక సన్యాసిని చేరదీసి గియాస్ ఇచ్చింది. ఆ పిల్లకి లోకంలో కావలసింది ఒక్కటే, ఎవరైనా తనని ప్రేమించడం. అందుకే గియాస్ ఆమెకి ఆ రూపంలోనే వచ్చింది. చూసినవాళ్ళంతా ప్రేమించారు, కానుకలిచ్చారు, పెళ్ళాడమన్నారు. కోరుకున్నది అంత సులువుగా దొరికేసరికి దానికి రుచి పోయింది. గియాస్ పడని మనిషి ఒక్క సన్యాసినే కాబట్టి ఆమె దగ్గరికే వచ్చి కూర్చునేది. ఆ ఒక్క ఆప్యాయతనే నిజమనుకుంది. అదే మోసం. సన్యాసినికి చావు లేదు. చావులేనితనాన్ని ఈ కథలో 'కోడ్' అంటారు. గియాస్ పూర్తిగా ఎదిగినవాళ్ళు మాత్రమే ఆ కోడ్‌ని అందుకోగలరు. అందుకున్నవాళ్ళకి చావు పోతుంది, ఇచ్చినవాళ్ళకి చావు వస్తుంది. సన్యాసిని ఆ పిల్లని పెంచింది అందుకే. ఒకరోజు ఆ బరువు ఆమె మీద బలవంతాన దించేసి, నవ్వుకుంటూ పోయింది. తర్వాత ఆ పిల్ల చూసిన శతాబ్దాల్ని సీరియల్ మెరుపుల్లా చూపిస్తుంది: మంత్రగత్తె అని కాల్చడం, చంపడం, మళ్ళీ లేవడం.

ఇక్కడ మాస్టారు ఉంటే కుర్చీలో ముందుకి జరిగేవారు. "యయాతి!" అనేవారు.

యయాతి కథ మీకు తెలిసిందే. శుక్రాచార్యుడి శాపంతో యయాతికి పడుచుతనంలోనే ముసలితనం వచ్చిపడింది. కాళ్ళ మీద పడితే శుక్రుడు ఒక వెసులుబాటు ఇచ్చాడు: ఎవరైనా ఒప్పుకుంటే ఈ ముసలితనం వాళ్ళకిచ్చి వాళ్ళ యవ్వనం తీసుకోవచ్చు. యదువు, తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు కాదన్నారు, తండ్రి చేత శాపాలు తిన్నారు. చిన్నవాడు పూరువు సరేనన్నాడు. వెయ్యేళ్ళు భోగాలు అనుభవించాక యయాతి ముసలితనం వెనక్కి తీసుకుని పూరువుకి రాజ్యం ఇచ్చాడు. మనవాళ్ళకి ఈ కథంటే ఎంత ఇష్టమంటే, సంస్కృత పదం ముట్టకుండా అచ్చ తెలుగులో పూర్తి కావ్యం రాయాలని పూనుకున్నప్పుడు పొన్నగంటి తెలగనార్యుడు ఎంచుకున్నది ఈ యయాతినే. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో, అమీన్‌ఖానుకి అంకితం.

ఆదివారం తరగతిలో మాస్టారు ఈ కథ చెబితే ఒక పిల్ల అడిగిన ప్రశ్న ఆయన తర్వాత చాలాసార్లు తలుచుకున్నారు. "మిగతా నలుగురూ నో అన్నారు కదా, దానికి పనిష్మెంట్ ఎందుకు?" అని. పురాణం దృష్టిలో తండ్రి మాట కాదనడం తప్పు. ఆ పిల్ల దృష్టిలో తన శాపం కొడుకు మీద పెట్టాలనుకోవడం తప్పు. మాస్టారు తేల్చలేదు. "రెండూ ఆలోచించాల్సినవే" అన్నారట. నేనైతే ఆ పిల్ల పక్షమే. పూరువు గొప్పవాడు, సందేహం లేదు. అతని గొప్పతనం మీద యయాతి వెయ్యేళ్ళు బతికాడన్నది కూడా నిజం. అలాంటి గొప్పతనాన్ని మనం మెచ్చుకునేది ఎక్కువగా అడిగేవాళ్ళ వైపు నుంచే. ఈ దేశం వచ్చిన మొదటి తరం తమ తీరని కోరికలన్నీ పిల్లల నెత్తిన పెట్టడం గురించి ఇక్కడ వేరే ఉపన్యాసం చెయ్యొచ్చు. ఇవాళ చెయ్యను, ఎదురుగా చాలామంది తల్లిదండ్రులున్నారు.

సన్యాసినికీ యయాతికీ తేడా ఉంది. యయాతి అడిగాడు. కాదంటే శపించాడు గాని, అడగడమన్నా అడిగాడు. సన్యాసిని అడగలేదు, ప్రేమ అని చెప్పి మోసం చేసింది. సీ.సీ. ఆ తర్వాత ఏం చేసింది? ఆమె కూడా అదే దారి పట్టింది. చైనాలో మావో అనే చిన్నపిల్లాడికి గియాస్ ఇచ్చింది. అతనికి మనుషుల మనసులో మాటలు వినపడే శక్తి వచ్చింది. ఆపడం చేతకాక ఊళ్ళోవాళ్ళ ఆలోచనలన్నీ రాత్రింబగళ్ళు చెవిలో మోగుతుంటే పిచ్చెక్కిపోయాడు. సీ.సీ. మనసు ఒక్కటే అతనికి వినపడదు. అందుకే ఆమె ఒక్కతే అతనికి ప్రశాంతత. ఆమె గొంతు రికార్డు చేసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుని తిరుగుతాడు. ఆమె అతన్ని వదిలేసి వెళ్ళిపోయింది. పెద్దవాడై, వెతుక్కుంటూ వచ్చి, లెలూష్‌ని చంపబోతే చివరికి ఆమె చేత్తోనే అతన్ని కాల్చి చంపింది. ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడి ముఖం నన్ను చాలా కాలం వదల్లేదు. సీ.సీ.ని నిర్దోషి అనడానికి వీల్లేదు. ఆమె ఒక పిల్లాడికి సన్యాసిని చేసిందానిలో సగం చేసింది.

మిగతా సగం ఎందుకు చెయ్యలేదో రెండో విడత పదిహేనో భాగంలో తెలుస్తుంది. సీరియల్ మొత్తంలో నేను మళ్ళీ మళ్ళీ చూసిన భాగం అది. లెలూష్ ఆమె జ్ఞాపకాల మధ్యకి వెళ్ళిపడతాడు. ఆ జ్ఞాపకాలు చిత్రపటాల్లా వరసగా వేలాడుతుంటాయి. అప్పుడు తెలుస్తుంది అతనికి, ఒప్పందంలో ఆమె కోరిక చావు అని. అవతల చక్రవర్తి ఆమె కోడ్ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమెకి కావలసింది కాళ్ళ దగ్గరికి వచ్చింది. అప్పుడు లెలూష్ అరిచి అడిగే ప్రశ్న ఇది: ఈ నరకాన్ని నా నెత్తిన పెట్టేసి నువ్వు చావొచ్చు కదా, ఎందుకు పెట్టలేదు, నా మీద జాలిపడ్డావా?

ఆ ప్రశ్నకి ఆమె మాటల్లో జవాబు చెప్పదు. చెప్పకపోవడమే మంచిదైంది. అతన్ని తయారు చేసింది ఆమే, పక్కన కూర్చుని ఎదగనిచ్చింది ఆమే. సన్యాసిని లెక్క ప్రకారం అప్పటికి పంట కోతకి వచ్చింది. కోయలేదు. ఎవరి మోసం వల్ల తనకీ బతుకు వచ్చిందో, ఆ మోసాన్ని ఇంకొకడి మీద పూర్తి చెయ్యడానికి చెయ్యి రాలేదు. యయాతి కథలో అందరూ పూరువుని చూస్తారు, తీసుకున్నవాడిని. ఇక్కడ కథ చూపించేది ఇవ్వడం మానేసినవాళ్ళని. పురాణాల్లో ఆ పాత్ర నాకు దొరకలేదు. ముసలితనం తన దగ్గరే ఉంచుకున్న యయాతిని ఊహించండి. కథే ఉండదు, అందుకే కాబోలు ఎవరూ రాయలేదు.

ఇంకొక జోడీ కూడా మాస్టారు పట్టుకునేవారు. సీ.సీ. కోడ్ గుర్తు ఉండేది నుదుటి మీద, ఎర్రగా, రెక్కలు చాచిన పక్షిలా. అశ్వత్థామకి పుట్టుకతో నుదుట మణి ఉండేది. ఉపపాండవుల్ని నిద్రలో చంపాక దాన్ని తీసేశారు. మూడువేల ఏళ్ళు ఎవరితోనూ మాట లేకుండా, నెత్తురోడుతూ తిరగమని కృష్ణుడు శపించాడు. మన దగ్గర చావులేనితనం హనుమంతుడికి వరం, విభీషణుడికి వరం, అశ్వత్థామకి శిక్ష. చిరంజీవుల లెక్కలో మాత్రం ముగ్గురూ పక్కపక్కనే. సీ.సీ.కి అది వరమూ కాదు, శిక్షా కాదు. ఏ తప్పూ చెయ్యకుండా వచ్చి పడింది.

ఆమెని మంత్రగత్తె అంటున్నాం కాబట్టి, ఈ దేశంలో నిజంగా ఆ పేరు పడ్డవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మసాచుసెట్స్‌లోని సేలం ఊరు చాలామంది చూసే ఉంటారు. పోలీసు కార్ల మీద కూడా చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మ ఉంటుంది. 1692లో అక్కడ పంతొమ్మిది మందిని ఉరితీశారు, జైల్స్ కోరీ అనే ముసలాయన్ని రాళ్ళ కింద నలిపి చంపారు. 1957లో రాష్ట్ర శాసనసభ తప్పు ఒప్పుకుంటూ తీర్మానం చేసింది. అందులో ఆన్ పుడియేటర్ అని ఒక్క పేరు రాసి, తక్కినవాళ్ళని 'మరికొందరు' అని వదిలేసింది. ఉరికంబం ఎక్కేటప్పుడు ఉన్న పేర్లు క్షమాపణ దగ్గరికి వచ్చేసరికి లేవు. 2001లో ఇంకో అయిదుగురి పేర్లు చేర్చారు. అప్పటికీ ఎలిజబెత్ జాన్సన్ జూనియర్ అనే ఆమె మిగిలిపోయింది. 1693లో మరణశిక్ష పడి, గవర్నరు ఆపడంతో బతికి బయటపడింది. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. మిగతావాళ్ళ తరఫున వాళ్ళ వారసులు తరాల తరబడి అర్జీలు పెట్టుకున్నారు. ఈమె కోసం అడిగేవాళ్ళు లేరు. చివరికి నార్త్ ఆండోవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు, వాళ్ళ టీచరు క్యారీ లాపియర్‌తో కలిసి ఆ పని తలకెత్తుకున్నారు. పాత కాగితాలు చదివారు, శాసనసభ్యులకి ఉత్తరాలు రాశారు. 2022 జూలైలో, రాష్ట్ర బడ్జెట్‌లో భాగంగా, ఎలిజబెత్ పేరు మీద మచ్చ తుడిచేశారు. 329 ఏళ్ళు పట్టింది. ఆ పదమూడేళ్ళ పిల్లలకి ఆమె ఏమీ కాదు. ఎవరూ వాళ్ళ నెత్తిన పెట్టలేదు, వాళ్ళే ఎత్తుకున్నారు. ఆదివారం తరగతిలో ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి మాస్టారు ఈ సంగతి చెప్పి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది. అప్పటికి ఇది జరగలేదు.

మనల్ని మనం మంచివాళ్ళ జాబితాలో వేసుకోవద్దు. బాణామతి చేసిందని అనుమానించి తెలంగాణ పల్లెల్లో మనుషుల పళ్ళు రాలగొట్టిన వార్తలు పేపర్లో చదివిన తరం మనది. అలా దెబ్బలు తిన్నవాళ్ళ పేర్లు మనలో ఎవరికైనా గుర్తున్నాయా? కథల్లో మంత్రగాళ్ళూ వాళ్ళ చుట్టూ ఉండేవాళ్ళూ మాత్రం గుర్తుంటారు. 1942 జెమినీ వారి 'బాలనాగమ్మ'లో మాయల మరాఠీ ప్రియురాలు సంగు పాత్ర వేసిన పుష్పవల్లి పేరు మా ఇంట్లో పెద్దవాళ్ళు తడుముకోకుండా చెప్పేవారు. ఆ కథలో మాయల మరాఠీ ప్రాణం ఎక్కడో చిలకలో ఉంటుంది. దాన్ని పట్టుకుంటే చాలు, కథ కంచికి. సీ.సీ. ప్రాణానికి అలాంటి చిలక ఎక్కడా లేదు. ఉన్న ఒకే ఒక్క దారి ఇంకొకడి బతుకు మీదుగా పోతుంది, ఆ దారిలో పోనని ఆమె ఆగిపోయింది.

ఆ పదిహేనో భాగంలోనే లెలూష్ ఆమెకో మాట ఇస్తాడు: చచ్చేటప్పుడైనా నవ్వుతూ చావు, నేను నవ్విస్తాను అని. అక్కణ్ణుంచి వాళ్ళిద్దరి మధ్య ఉన్నది ప్రేమా, స్నేహమా, నేరంలో భాగస్వామ్యమా అని కొట్టుకునేవాళ్ళు కొట్టుకోవచ్చు. అతను చివర్లో ప్రపంచం ద్వేషమంతా తన మీదికి తెచ్చుకుని, పథకం ప్రకారం స్నేహితుడి కత్తికి బలవుతాడు. ఆ సమయానికి ఆమె చర్చిలో ప్రార్థన చేస్తూ ఉంటుంది, చెంప మీద ఒక కన్నీటి చుక్క. చావలేనివాళ్ళకి చచ్చేవాళ్ళంటే ఎంత ఇదో ఆ ఒక్క చుక్కతో చెప్పి ఊరుకున్నారు. టీవీ సీరియల్ చివరి దృశ్యం ఎండుగడ్డి బండి మీద ఆమె ప్రయాణం. చావు రాలేదు, ఒప్పందం తీరలేదు. అయినా మనిషి మొహంలో పాత విసుగు లేదు.

అక్కడ ఆపి ఉంటే బాగుండేది. 2019లో 'లెలూష్ ఆఫ్ ది రిసరెక్షన్' అని సినిమా తీశారు. ఆ ఏడు మేలో అమెరికా థియేటర్లలో కూడా వేశారు. అందులో లెలూష్ మళ్ళీ లేస్తాడు. మతి లేని స్థితిలో ఉన్న అతన్ని వెంటబెట్టుకుని ఊళ్ళు తిరుగుతూ బతికించుకునేది సీ.సీ.యే. చివరికి అతను తన పేరు వదిలేసి, ఆమె పద్ధతిలోనే రెండు అక్షరాలతో ఎల్.ఎల్. అని పేరు పెట్టుకుని ఆమెతో నడిచిపోతాడు. హాల్లో చప్పట్లు మోగాయి. నాకు నచ్చలేదు. యాభై భాగాల్లో ఆమె ఎవరి మీదా పెట్టని చావులేనితనం, ఈ రెండు గంటల్లో ప్రేమ పేరుతో అతని మీద పడింది. సన్యాసిని కూడా ప్రేమ అనే కదా చెప్పింది. అతను ఇష్టపడి తీసుకున్నాడు కదా, పూరువులాగా, అంటారు కొందరు. నేను ఒప్పుకోను. మతి లేని మనిషిని లేపాక అడిగితే వచ్చే ఒప్పుకోలు ఎలాంటిదో ఆలోచించాలి. మూడో వరసలో కూర్చున్న మా అమ్మాయి తల అడ్డంగా ఊపుతోంది. సినిమాని సమర్థించేవాళ్ళు ఈ హాల్లో ఆమె కాక ఇంకా అయిదారుగురున్నారని నాకు తెలుసు. నాకిచ్చిన టైము అయిపోయింది, ముందు మైకు వాళ్ళకివ్వండి.